కిడ్నీ జబ్బు, థైరాయిడ్ రెండూ ఉన్నవాళ్ళు రిపోర్టులు ఎలా చూస్కోవాలి, మాత్రలు ఏ టైంకి వేస్కోవాలి

మా అమ్మకి కిడ్నీ సమస్య ఉందని తెలిసిన ఏడాదిన్నరకి థైరాయిడ్ హార్మోన్ తక్కువుందని కూడా బయటపడింది. 50 మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టారు, రెండు నెలలకి టెస్టు చేస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే పెరిగే నంబర్) తగ్గాల్సింది పోయి 11 ఉంది, డోసు 75 చేశారు, మళ్ళీ చూస్తే 14, అప్పుడు 100 చేశారు, ఈలోపు క్రియాటినిన్ (కిడ్నీలు బయటకి పంపాల్సిన వ్యర్థం, కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరుగుతుంది) 1.9 నుంచి 2.4కి ఎక్కేసింది. ఇంట్లో అందరికీ ఒకటే భయం, డయాలసిస్ దాకా వెళ్ళిపోతుందేమో అని. ఒకరోజు పొద్దున అమ్మ మాత్రల డబ్బా తెరిచి చూస్తే "పొద్దున" అని రాసున్న అరలో థైరాయిడ్ మాత్ర, క్యాల్షియం, ఐరన్, గ్యాస్ మాత్ర నాలుగూ కలిసే ఉన్నాయి, అమ్మ ఆ నాలుగూ అరచేతిలో పోసుకుని ఒకే గుక్కలో మింగేస్తోంది. అంటే థైరాయిడ్ మాత్ర కడుపులోకి వెళ్తోంది కానీ అక్కడ క్యాల్షియానికీ ఐరన్‌కీ అతుక్కుపోయి రక్తంలోకి ఎక్కకుండానే బయటకి పోతోంది. కిడ్నీ డాక్టర్ ఆయన మాత్రలు ఆయన రాశారు, థైరాయిడ్ డాక్టర్ ఆయన మాత్ర ఆయన రాశారు, ఏది ఎన్ని గంటలకి వేస్కుంటున్నారమ్మా అని మాత్రం ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తెలీలేదు.

టైం ఒక్కటి మార్చాం. ఏడు వారాలకి టీఎస్‌హెచ్ 0.3కి పడిపోయింది, అంటే ఈసారి డోసు ఎక్కువైపోయింది, మళ్ళీ 75కి దించితే 2.6 దగ్గర నిలబడింది. క్రియాటినిన్ కూడా 2.0 దగ్గరకి దిగొచ్చింది. పూర్తిగా నార్మల్ అవ్వలేదు, కిడ్నీ జబ్బు అసలే ఉంది కాబట్టి అవ్వదు కూడా, కానీ ఆ పైన పెరిగిందంతా కిడ్నీ పాడవ్వడం వల్ల కాదని అప్పుడు అర్థమైంది. అప్పట్నుంచి డాక్టర్లని అడిగి, చదివి, చేసి చూసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, డోసు పెంచడం తగ్గించడం మీ అంతట మీరు చెయ్యకండి. మాత్రల టైం సరిచేసుకోడం, రిపోర్టులు దాచుకోడం, సరైన ప్రశ్న అడగడం మాత్రం మన చేతిలో పనే.

ముందు ఈ రెండిటికీ సంబంధం ఏంటో తెలుస్కోండి

థైరాయిడ్ హార్మోన్ తగ్గితే గుండె నెమ్మదిస్తుంది, కిడ్నీలకి వెళ్ళే రక్తం తగ్గుతుంది, వడకట్టే వేగం తగ్గుతుంది. దాంతో క్రియాటినిన్ పెరుగుతుంది. పైగా థైరాయిడ్ బాగా తక్కువున్నప్పుడు కండరాలు కూడా కొంత దెబ్బతింటాయి, అక్కణ్ణించి కూడా క్రియాటినిన్ రక్తంలోకి వస్తుంది. మంచి విషయం ఏంటంటే ఈ పెరుగుదల చాలావరకు వెనక్కి వచ్చేదే, థైరాయిడ్ సరిగ్గా కంట్రోల్ అయితే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దిగుతుంది.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే దీనికి రివర్స్. కిడ్నీకి రక్తం ఎక్కువ వెళ్తుంది, కండ కరిగిపోతుంది, క్రియాటినిన్ తక్కువ చూపిస్తుంది, రిపోర్టు చూస్తే కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నట్టు ఉంటాయి. తర్వాత థైరాయిడ్‌కి మందులు మొదలుపెట్టి అది కంట్రోల్ అవుతుంటే క్రియాటినిన్ పెరుగుతుంది, అప్పుడు చాలామంది ఈ మందే కిడ్నీని పాడుచేసిందని మానేస్తారు. చాలాసార్లు అది మందు వల్ల కాదు, ముందునుంచీ ఉన్న కిడ్నీ జబ్బు ఇప్పుడు కనపడుతోంది అంతే. ఏదైనా మానేముందు డాక్టర్‌ని అడగండి.

ఇంక కిడ్నీ వైపు నుంచి చూస్తే, ఒంట్లో ఎక్కువైన అయోడిన్‌ని బయటకి పంపేది కిడ్నీలే. అవి బలహీనపడితే అయోడిన్ పేరుకుంటుంది, అయోడిన్ మరీ ఎక్కువైతే థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారీ ఆపేస్తుంది, దీన్ని 1948లో వుల్ఫ్, చైకాఫ్ అనే ఇద్దరు గమనించి చెప్పారు. ఇంకోటి, గ్రంథిలో తయారయ్యేది ఎక్కువగా టీ4, అది శరీరంలో టీ3గా మారితేనే పని జరుగుతుంది, కిడ్నీ జబ్బులో రక్తంలో ఆమ్లం పెరగడం, లోపల వాపు, తిండి సరిగ్గా పట్టకపోవడం వీటన్నిటివల్ల ఆ మార్పు మందగిస్తుంది. అందుకే కిడ్నీ పనితనం తగ్గేకొద్దీ థైరాయిడ్ తక్కువ ఉండేవాళ్ళ సంఖ్య పెరుగుతూ ఉంటుంది.

మొదటి పని: రెండు ఫైళ్ళూ ఒక్క కాగితం మీదకి తెండి

కిడ్నీకి ఒక ఫైలు, థైరాయిడ్‌కి ఒక ఫైలు పెట్టుకుంటే ఎప్పటికీ అర్థం కాదు. ఒక పెద్ద కాగితం తీస్కుని అడ్డంగా గళ్ళు గీయండి. తేదీ, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడకట్టే వేగం అంచనా), యూరిన్‌లో అల్బుమిన్ రేషియో (మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పేది), పొటాషియం, సోడియం, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో దేనికీ అంటుకోకుండా తిరిగే థైరాయిడ్ హార్మోన్), ఆరోజుకి వేస్కుంటున్న థైరాయిడ్ డోసు, చివర్లో కొంచెం పెద్ద గడి ఒకటి, "అప్పుడు ఏం మారింది" అని. కొత్త మాత్ర మొదలైందా, ల్యాబ్ మారిందా, జ్వరం వచ్చిందా, కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనపడడానికి ఎక్కించే మందు) ఇచ్చి స్కాన్ తీశారా, ఇవన్నీ ఆ గడిలో రాయండి. ఆ చివరి గడే అన్నిటికన్నా ముఖ్యం. అమ్మ విషయంలో క్యాల్షియం, ఐరన్ మొదలైన తేదీ రాసి చూస్తే సరిగ్గా ఆ తర్వాత టెస్టు నుంచే టీఎస్‌హెచ్ ఎక్కడం మొదలైంది, ఫైళ్ళు విడివిడిగా ఉన్నన్నాళ్ళూ అది ఎవరి కంటా పడలేదు.

ఈ కాగితం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఏ డాక్టర్ దగ్గరకి వెళ్ళినా ముందు ఇదే చూపించండి.

రెండో పని: నంబర్లు ఎలా చదవాలో తెలుస్కోండి

ముందు చూడాల్సింది టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. టీఎస్‌హెచ్ మామూలుగా 0.4 నుంచి 4 చుట్టుపక్కల ఉంటే నార్మల్ అంటారు, ల్యాబ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, వయసు పెరిగినవాళ్ళలో కొంచెం పైకి ఉన్నా ఫర్లేదంటారు. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి ఫ్రీ టీ4 తక్కువ ఉంటే థైరాయిడ్ నిజంగా తక్కువ ఉన్నట్టు. టీఎస్‌హెచ్ కొంచెం పెరిగి ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ అంటారు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో ఇది బాగా కనపడుతుంది, ఇందులో అందరికీ మాత్ర అక్కర్లేదు. 10 దాటితే ఎక్కువగా మందు మొదలుపెడతారు, ఆ లోపు అయితే వయసు, గుండె, లక్షణాలు, యాంటీ టీపీఓ టెస్టు (శరీరమే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేస్తోందేమో చూసేది) ఇవన్నీ చూసి నిర్ణయిస్తారు. ఒక్క రిపోర్టు చూసి మొదలుపెట్టకుండా కొన్ని వారాలాగి ఇంకోసారి టెస్టు చేయిద్దాం అని డాక్టర్ అంటే అది నిర్లక్ష్యం కాదు, సరైన పద్ధతే.

ఇప్పుడు టీ3 గురించి, దీనికే చాలామంది కంగారు పడతారు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళలో టీ3 తక్కువ రావడం చాలా మామూలు, టీఎస్‌హెచ్ నార్మల్, ఫ్రీ టీ4 నార్మల్, టీ3 ఒక్కటే తక్కువ. ఇది ఎక్కువసార్లు గ్రంథి జబ్బు కాదు, ఒంట్లో ఉన్న పెద్ద జబ్బుకి శరీరం సర్దుకుంటున్న తీరు. దీనికోసం హార్మోన్ మాత్ర మొదలుపెట్టమని మీరు పట్టుబట్టకండి, అక్కర్లేని హార్మోన్ వేస్కుంటే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడడం, కండ కరగడం లాంటివి వస్తాయి, అసలే కిడ్నీ జబ్బులో గుండె మీదా ఎముకల మీదా భారం ఎక్కువ.

కిడ్నీ వైపు నంబర్లలో ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువ మూడు నెలలకి మించి ఉంటేనో, లేదా యూరిన్‌లో ప్రోటీన్ పోవడం లాంటి దెబ్బ గుర్తులు మూడు నెలలకి మించి ఉంటేనో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 30 నుంచి 59 మధ్య మూడో దశ, 15 నుంచి 29 నాలుగు, 15 కన్నా తక్కువైతే ఐదు. థైరాయిడ్ అదుపులో లేని రోజుల్లో తీసిన క్రియాటినిన్‌తో ఈ దశ తేల్చేస్తే తప్పు లెక్క వచ్చే అవకాశం ఉంది. టీఎస్‌హెచ్ 40, 50 ఉన్నప్పుడు నాలుగో దశ అని చెప్తే, థైరాయిడ్ సర్దుకున్నాక మళ్ళీ చూద్దామా డాక్టర్ గారూ అని అడగండి. ఈ లెక్క మందుల మీద కూడా పడుతుంది, ఉదాహరణకి ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువైతే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఆపేస్తారు, అలాంటి నిర్ణయాలన్నీ ఆ నంబర్ మీదే నడుస్తాయి. అలాగని డాక్టర్ తగ్గించిన మందుని నంబర్ తప్పేమోలే అని మీరు మళ్ళీ మొదలుపెట్టొద్దు, థైరాయిడ్ సెట్ అయ్యేదాకా ఆ జాగ్రత్తే మంచిది.

క్రియాటినిన్ మీద నమ్మకం లేక సిస్టాటిన్ సీ అని కిడ్నీ పనితనం చూసే ఇంకో టెస్టు రాయించుకునేవాళ్ళు ఉన్నారు. మామూలుగా అది మంచి టెస్టే, కానీ థైరాయిడ్ తేడాగా ఉన్నప్పుడు అదీ దారి తప్పిస్తుంది, పైగా క్రియాటినిన్‌కి రివర్స్‌లో. థైరాయిడ్ తక్కువుంటే సిస్టాటిన్ తగ్గి కిడ్నీ బాగున్నట్టు చూపిస్తుంది, ఎక్కువుంటే పెరిగి కిడ్నీ పాడైనట్టు చూపిస్తుంది. కాబట్టి థైరాయిడ్ సర్దుకునేదాకా రెండిటినీ అనుమానంతోనే చూడాలి.

మూడో పని: రక్తం ఇచ్చేముందు ఇవి సరిచూస్కోండి

టెస్టు రోజు థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే వేస్కోండి. ముందే వేస్కుంటే ఆ కొన్ని గంటలు ఫ్రీ టీ4 కొంచెం ఎక్కువ చూపిస్తుంది.

బయోటిన్ అనే బి విటమిన్. జుట్టుకీ గోళ్ళకీ అని అమ్మే మాత్రల్లో ఇది చాలా ఎక్కువ డోసులో ఉంటుంది, కిడ్నీ పేషెంట్లకి రాసే విటమిన్ మాత్రల్లో కూడా కొంత ఉంటుంది. ల్యాబ్‌లో థైరాయిడ్ కొలిచే చాలా మెషీన్లు బయోటిన్ ఆధారంగానే పనిచేస్తాయి కాబట్టి రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ అబద్ధంగా తక్కువగా, టీ4 అబద్ధంగా ఎక్కువగా వస్తుంది, చూసినవాళ్ళు థైరాయిడ్ ఎక్కువైంది అనుకుని ఉన్న డోసు కాస్తా తగ్గించేస్తారు. మామూలు మనుషులైతే టెస్టుకి కనీసం రెండ్రోజుల ముందు ఆపితే చాలంటారు, కిడ్నీ జబ్బున్నవాళ్ళలో అది ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ రోజులు ఆపాలి, ఎన్ని రోజులన్నది మీ డాక్టర్‌ని అడగండి. సీసా వెనకాల లేబుల్ చదివి బయోటిన్ ఉందేమో ఇప్పుడే చూడండి.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళయితే థైరాయిడ్ టెస్టుకి రక్తం డయాలసిస్ మొదలవ్వకముందు, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఎక్కించకముందు తియ్యమనండి. హెపారిన్ పడ్డాక తీసిన రక్తంలో ఫ్రీ టీ4 ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు. నర్సుకి ముందే ఒక్క మాట చెప్తే సరిపోతుంది, వాళ్ళకి అది పెద్ద పనేం కాదు.

జ్వరంతో ఉన్నప్పుడో, హాస్పిటల్లో ఇన్ఫెక్షన్‌తో అడ్మిట్ అయినప్పుడో తీసిన థైరాయిడ్ రిపోర్టు కూడా నమ్మకంగా ఉండదు, అప్పుడు అత్యవసరం అనుకుంటే తప్ప డాక్టర్లే కోలుకున్నాక మళ్ళీ చేయిస్తారు.

నాలుగో పని: మాత్రల టైంటేబుల్ వేయండి

తొందరేం లేదు, ఇది నెమ్మదిగా చదవండి, మొత్తంలో ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

లీవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర పరగడుపున, ఉత్త నీళ్ళతో, టిఫిన్‌కీ కాఫీకీ అరగంట నుంచి గంట ముందు వేస్కోవాలి, ఇది అందరికీ తెలిసిందే. కిడ్నీ పేషెంట్లకి నీళ్ళ లిమిట్ ఉంటే ఈ నీళ్ళు కూడా ఆరోజు లెక్కలో రాసుకోండి. అసలు తిరకాసంతా మిగతా మందుల దగ్గర. కిడ్నీ జబ్బులో రాసే మందుల్లో చాలా ఈ మాత్రని పట్టేసేవే. ఫాస్ఫరస్ తగ్గించడానికి ఇచ్చే క్యాల్షియం కార్బొనేట్, క్యాల్షియం అసిటేట్, సెవెలమర్, లాంథనం, పొటాషియం తగ్గించడానికి నీళ్ళలో కలిపి తాగే పౌడర్లు, ఐరన్ మాత్రలు, అల్యూమినియం ఉన్న గ్యాస్ సిరప్‌లు, సుక్రాల్‌ఫేట్, కొలెస్ట్రాల్‌కి ఇచ్చే కొలెస్టిరమిన్, వీటికీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటల గ్యాప్ ఉండాలి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మాత్రలు అతుక్కోవు గానీ కడుపులో యాసిడ్ తగ్గిపోవడం వల్ల థైరాయిడ్ మాత్ర సరిగ్గా కరగదు, వాటికి గ్యాప్ ఇచ్చినా పెద్దగా లాభం ఉండదు, అలాంటి మాత్ర కొత్తగా మొదలైనా ఆగినా థైరాయిడ్ డాక్టర్‌కి చెప్పి టీఎస్‌హెచ్ చూపించుకోవాలి.

ఇప్పుడు చిక్కు ఎక్కడంటే, ఫాస్ఫరస్ మాత్ర తిండితో పాటే వేస్కోవాలి, లేకపోతే అది పనిచెయ్యదు. అంటే టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. పొద్దున 6కి థైరాయిడ్ మాత్ర వేస్కుని 7కి టిఫిన్‌తో సెవెలమర్ వేస్తే నాలుగు గంటలు ఎక్కడున్నాయి? ఇక్కడే అందరూ చేతులెత్తేసి రెండూ కలిపి మింగేస్తారు. దీనికి దారులు ఉన్నాయి, మీ రోజుని బట్టి ఏది కుదురుతుందో చూస్కోండి.

ఫాస్ఫరస్ మాత్ర మధ్యాహ్నం, రాత్రి భోజనాలకే ఉంటే అసలు గొడవే లేదు, పొద్దున థైరాయిడ్ మాత్ర మామూలుగా వేస్కోవచ్చు. మూడు పూటలా ఉంటే డాక్టర్‌ని ఒక మాట అడగండి, మా టిఫిన్ చిన్నది, అందులో ఫాస్ఫరస్ పెద్దగా ఉండదు, ఆ పూట మాత్రని మధ్యాహ్నానికి జరపొచ్చా అని, కొంతమందికి ఒప్పుకుంటారు. అది కుదరకపోతే థైరాయిడ్ మాత్రని రాత్రి పడుకునేముందుకి మార్చొచ్చు, పొద్దునే వేస్కోవాలన్న రూలేం లేదు, ఖాళీ కడుపు కావాలి అంతే. రాత్రి భోజనం, దాంతో వేసే ఫాస్ఫరస్ మాత్ర 7కి అయిపోతే థైరాయిడ్ మాత్ర 11కి వేస్కోండి. అంతసేపు మెలకువగా ఉండలేనివాళ్ళు, మూత్రానికి తెల్లవారుజామున 3కో 4కో ఎలాగూ లేచేవాళ్ళయితే (కిడ్నీ పేషెంట్లలో చాలామంది లేస్తారు) మంచం పక్కన ఒక చిన్న మూతలో మాత్ర, పక్కనే కొంచెం నీళ్ళు పెట్టుకుని అప్పుడే వేసేస్కోవచ్చు, 8కి టిఫిన్ టైంకి నాలుగు గంటలు నిండిపోతాయి. మా అమ్మ ఇప్పుడు చేస్తున్నది ఇదే, పొద్దున నేను లేచి ఆ మూత ఖాళీగా ఉందో లేదో చూస్తా.

ఏ టైం పెట్టుకున్నా రోజూ అదే ఉంచండి. ఒకరోజు పొద్దున ఒకరోజు రాత్రి చేస్తే టీఎస్‌హెచ్ ఎగుడుదిగుడుగా వస్తుంది. ఒక కంపెనీ మాత్ర నుంచి ఇంకో కంపెనీ మాత్రకి షాపువాళ్ళు మార్చి ఇచ్చినా కాగితం మీద చివరి గడిలో రాయండి. ఒకరోజు మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు ఖాళీ కడుపు చూసి వేస్కోండి, రేపు రెండు కలిపి వెయ్యకండి. డయాలసిస్ రోజు కూడా మామూలుగానే వేస్కోవచ్చు, ఈ హార్మోన్ ప్రోటీన్లకి గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి డయాలసిస్‌లో పెద్దగా పోదు, దానికోసం అదనపు డోసు అక్కర్లేదు. అలాగే కిడ్నీలు వీక్‌గా ఉన్నాయి కదా అని ఈ మాత్ర డోసు సగం చెయ్యాల్సిన పని కూడా లేదు, వేరే చాలా మందులకి అలా తగ్గిస్తారు, దీనికి కాదు. పెద్ద వయసువాళ్ళకీ గుండె జబ్బున్నవాళ్ళకీ మాత్రం 12.5 లేదా 25 మైక్రోగ్రాముల నుంచి నెమ్మదిగా పెంచుతారు, అది గుండె కోసం.

డబ్బాలో థైరాయిడ్ మాత్ర మిగతావాటితో కలపకండి. దానికి వేరే చిన్న డబ్బా, వేరే చోటు. ఇంట్లో ఎవరు మాత్రలు సర్దినా పొరపాటు జరక్కుండా ఉంటుంది.

ఐదో పని: టైం మార్చారా, డాక్టర్‌కి చెప్పి లెక్కపెట్టండి

మాత్రల టైం సరిచేస్తే అదే డోసు ఒక్కసారిగా ఎక్కువ పనిచేస్తుంది, అమ్మకి జరిగింది అదే. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం కనపడితే ఆరు వారాలు ఆగకుండా ఫోన్ చెయ్యండి. లేదంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూపించండి, ఈ హార్మోన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి అంతకన్నా ముందు చేసే టెస్టు సరైన సంగతి చెప్పదు. అదే రోజు క్రియాటినిన్ కూడా తీయించండి, రెండూ ఒకే రోజువి అయితేనే పోల్చి చూడడానికి పనికొస్తాయి.

థైరాయిడ్ సర్దుకునే కొద్దీ వేరే మందుల అవసరం కూడా మారుతుంది, ఇది చాలామందికి చెప్పరు. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ళకి రక్తం ఇంకా పలచబడొచ్చు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే టెస్టు) తరచుగా చూపించుకోవాలి. ఇన్సులిన్ అవసరం పెరగొచ్చు. రక్తం పెరగడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు చేయించుకుంటూ ఐరన్ బాగానే ఉన్నా హిమోగ్లోబిన్ కదలట్లేదంటే థైరాయిడ్ తక్కువుండడం కూడా ఒక కారణం అవ్వొచ్చు, ఇంజెక్షన్ డోసు పెంచేముందు టీఎస్‌హెచ్ ఒకసారి చూద్దామా అని అడగడంలో తప్పేం లేదు.

ఆరో పని: మూత్రంలో నురగ వస్తుంటే

సబ్బు నురగలా వచ్చి నీళ్ళు పోసినా పోకుండా ఉంటే ప్రోటీన్ పోతోందేమో టెస్టు చేయించండి. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో ప్రోటీన్ బాగా పోతుంది, దాంతో పాటు థైరాయిడ్ హార్మోన్‌ని మోసే ప్రోటీన్, దానికి అంటుకున్న హార్మోన్ కూడా మూత్రంలో పోతాయి. థైరాయిడ్ గ్రంథి బాగున్నవాళ్ళు చాలావరకు తట్టుకుంటారు, ఆల్రెడీ మాత్ర మీద ఉన్నవాళ్ళకి మాత్రం డోసు సరిపోకుండా పోతుంది. మాత్ర టైంకి వేస్తున్నా, మధ్యలో ఏం కలవకపోయినా టీఎస్‌హెచ్ పెరుగుతూనే ఉందంటే యూరిన్ అల్బుమిన్ టెస్టు అడగండి. కిడ్నీకి ట్రీట్‌మెంట్ జరిగి ప్రోటీన్ పోవడం తగ్గాక థైరాయిడ్ డోసు మళ్ళీ తగ్గించాల్సి రావొచ్చు. హషిమోటో, గ్రేవ్స్ లాంటి ఆటో ఇమ్యూన్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే గ్రంథి మీద దాడి చేసే) థైరాయిడ్ జబ్బులున్నవాళ్ళలో కొందరికి కిడ్నీ వడపోత పొర మీద కూడా అలాంటి దాడే జరుగుతుంది, అందుకని థైరాయిడ్ పేషెంట్లు కూడా అప్పుడప్పుడు యూరిన్ టెస్టు చేయించుకోవడం మంచిది, అది చిన్న టెస్టే.

థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్ళకి

థైరాయిడ్ హార్మోన్ తగ్గించే మాత్రలు కార్బిమజోల్, మెథిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్ వాడేవాళ్ళు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే అదేరోజు వెళ్ళి రక్తంలో తెల్లకణాలు చూపించుకోవాలి, రిజల్టు వచ్చేదాకా తర్వాత డోసు వేస్కోవాలా వద్దా ఫోన్‌లో అడగండి. మూత్రం ఎర్రగా వచ్చినా, ఒంటి మీద ఎర్ర మచ్చలు, కీళ్ళ నొప్పులు వచ్చినా కూడా ఆగకండి, ఈ మందులు, ముఖ్యంగా ప్రొపైల్‌థయోయురాసిల్, అరుదుగా రక్తనాళాల వాపు తెచ్చి కిడ్నీని దెబ్బతీస్తాయి. రేడియో అయోడిన్ ట్రీట్‌మెంట్ చెప్తే డయాలసిస్ మీద ఉన్నామని ముందే చెప్పండి, అయోడిన్ బయటకి పోయేది కిడ్నీల నుంచే కాబట్టి వాళ్ళకి డోసూ డయాలసిస్ టైమూ వేరేగా ప్లాన్ చేస్తారు.

అయోడిన్ ఎక్కడెక్కణ్ణించి వస్తోందో చూడండి

సీటీ స్కాన్‌లో, యాంజియోగ్రామ్‌లో ఇచ్చే కాంట్రాస్ట్‌లో అయోడిన్ చాలా ఉంటుంది. అవసరమైన స్కాన్ మానెయ్యమని కాదు, స్కాన్ ముందు క్రియాటినిన్ చూస్తారు, థైరాయిడ్ సమస్య ఉందని కూడా చెప్పండి, తర్వాత టీఎస్‌హెచ్ ఎప్పుడు చూడాలో అడగండి. సముద్రపు నాచుతో చేసిన మాత్రలు, "థైరాయిడ్‌కి సపోర్ట్" అని అమ్మే సప్లిమెంట్లు మాత్రం కిడ్నీ జబ్బున్నవాళ్ళు ముట్టుకోకండి. గుండె లయకి వాడే అమియోడరోన్‌లో కూడా అయోడిన్ ఉంటుంది, మానసిక సమస్యకి వాడే లిథియం అయితే థైరాయిడ్‌నీ కిడ్నీనీ రెండిటినీ దెబ్బతీయగలదు, కిడ్నీ క్యాన్సర్‌కి వాడే సునిటినిబ్ లాంటి మాత్రలతో థైరాయిడ్ తగ్గడం తరచుగా కనపడుతుంది. ఇవి వాడుతుంటే మానకండి, టెస్టులు క్రమం తప్పకుండా జరుగుతున్నాయో లేదో చూస్కోండి.

లక్షణాలు కలిసిపోతాయి, ఏది ఆగేది ఏది ఆగనిది

నీరసం, చలి, చర్మం పొడిబారడం, మొహం ఉబ్బడం, మలబద్ధకం, మతిమరుపు, ఇవి కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి థైరాయిడ్ తగ్గినా ఉంటాయి, రక్తం తక్కువున్నా సగం ఇవే. కిడ్నీ పేషెంట్ కదా అలాగే ఉంటుందిలే అని ఇంట్లోవాళ్ళు వదిలేస్తారు, మేమూ వదిలేశాం, అమ్మ ఎండాకాలంలో శాలువా కప్పుకుని కూర్చుంటే వయసు అనుకున్నాం. కిడ్నీ నంబర్లు పెద్దగా మారకుండా మనిషి మాత్రం ఇదివరకటికన్నా మందగించారంటే టీఎస్‌హెచ్ చూపించండి.

కొన్నిటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. మనిషి ఒళ్ళు చల్లబడి, మత్తుగా ఉండి, లేపితే సరిగ్గా పలక్కపోతే వెంటనే ఎమర్జెన్సీకి తీస్కెళ్ళండి. ఉన్నట్టుండి గందరగోళంగా మాట్లాడడం, ఫిట్స్ వస్తే సోడియం బాగా పడిపోయి ఉండొచ్చు, థైరాయిడ్ తక్కువున్నప్పుడు కిడ్నీ నీటిని సరిగ్గా బయటకి పంపలేదు, దానికి నీరు పోయే మాత్రలు తోడైతే ఇది జరుగుతుంది. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం, ఆయాసం, ఛాతీ నొప్పి కూడా అంతే. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వేస్కుంటూ తొడలు, భుజాలు విపరీతంగా నొప్పి పెట్టి మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే కండరం కరిగి కిడ్నీ మీద పడుతున్నట్టు కావొచ్చు, థైరాయిడ్ కంట్రోల్‌లో లేనివాళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. ఆ రోజే వెళ్ళాలి.

ఇవాళే చెయ్యగలిగిన పని ఒకటుంది. మాత్రల డబ్బా తెచ్చి ముందు పెట్టుకోండి, ఒక్కో స్ట్రిప్ మీద పేరు చదివి, అది ఎన్ని గంటలకి కడుపులోకి వెళ్తోందో పక్కన రాయండి, డాక్టర్ చీటీలో ఉన్న టైం కాదు, నిజంగా మింగే టైం. థైరాయిడ్ మాత్రకి ముందు నాలుగు గంటలు, వెనక నాలుగు గంటలు ఏమేం ఉన్నాయో వాటికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఆ కాగితం ఇద్దరు డాక్టర్లకీ చూపించి టైం మార్పించుకున్న రోజు నుంచి 42 రోజులు లెక్కపెట్టి క్యాలెండర్‌లో ఆ తేదీ మీద "టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, క్రియాటినిన్, రక్తం ఇచ్చాకే మాత్ర" అని రాసిపెట్టండి.